సదస్సు తేదీని సరస్సునడిగి ఖాయం చేయండి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ, పర్యాటక శాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను సూళ్లూరుపేట చుట్టుపక్కల పక్షులను గమనించేవాళ్లలో ఒకణ్ణి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొంటాను. మిగతా నెలల్లో ఖాళీ దొరికితే బైనాక్యులర్లు తగిలించుకుని పులికాట్ సరస్సు గట్టుకి పోతాను. సూళ్లూరుపేటలో ఒక అంతర్జాతీయ పక్షి శాస్త్ర సదస్సు జరపమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎలా జరిపితే బాగుంటుందో చెప్పే చనువు కూడా తీసుకుంటున్నాను. ఏర్పాట్ల పేరుతో ముందు హాలు, హోటలు, అతిథుల జాబితా తయారై, సరస్సు సంగతి ఆఖరున గుర్తొస్తే ఇంత శ్రమా వృథా అవుతుందని నా భయం.

ఫ్లెమింగో ఫెస్టివల్ మనకు ఉండనే ఉంది. బడిపిల్లలు బస్సుల్లో వస్తారు, మొదటిసారి స్కోపులో కన్ను పెట్టి గూడబాతుని (పెలికాన్‌ని) చూస్తారు, ఊరంతా సందడిగా ఉంటుంది. అది పండుగ, పండుగలాగే సాగాలి. సదస్సు మాత్రం వేరే పని. దానికి వచ్చేవాళ్లు జీవితాలు ధారపోసి పక్షుల వలసలను, గూళ్లను, జబ్బులను చదివినవాళ్లు. వాళ్లకు మనం చూపించేది ఎంత ముఖ్యమో, వాళ్ల చేత పులికాట్‌కు చేయించుకునేది అంతకంటే ముఖ్యం. కాబట్టి సదస్సు అయిపోయాక సరస్సుకి ఏం మిగలాలో ముందు రాసుకుని, మిగతా ఏర్పాట్లన్నీ దాన్నిబట్టి చేయమని నా విన్నపం.

పులికాట్‌కు ఆ అర్హత ఉందా అంటే నిస్సందేహంగా ఉంది. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో. బంగాళాఖాతానికీ దీనికీ మధ్య అడ్డుకట్టలా శ్రీహరికోట దీవి. దక్షిణాన ఆరణి నది, ఈవైపు కాళంగి, ఇంకా పైన స్వర్ణముఖి పాయలు తెచ్చే మంచినీళ్లు సముద్రపు నీటితో ఇక్కడ కలుస్తాయి. లోతు చాలాచోట్ల మీటరుకు అటూ ఇటూ. ఆ తక్కువ లోతే రాజహంసలను (ఫ్లెమింగోలను), బురద ఒడ్డున మేసే ఉల్లంకి పిట్టలను, బాతులను వేల సంఖ్యలో రప్పిస్తోంది. రాకెట్లు ఎగిరే చోటికి కూతవేటు దూరంలో, టిబెట్, మధ్య ఆసియా వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చిన బాతులు దిగుతాయి. ఇలాంటి ఊరు దేశంలో మరొకటి నాకు తెలియదు.

ప్రపంచ పక్షి శాస్త్రవేత్తల మహాసభ 1884లో వియన్నాలో మొదలైంది. యుద్ధాల వల్ల మధ్యలో ఆగినా 2022 నాటికి 28 సభలు జరిగాయి. ఆసియాకు వస్తే 2002లో బీజింగ్‌లో, 2014లో టోక్యోలో పెట్టారు. ఆ 28లో ఒక్కటీ మన దేశంలో జరగలేదు. అంత పెద్ద సభని సూళ్లూరుపేటకు తెమ్మని నేను అడగను, అది ఈ ఊరు మోయలేని బరువు. అయితే ఆ వరసలో 1962 నాటి సభ మనం తెలుసుకోదగ్గది. అది అమెరికాలో కయూగా సరస్సు ఒడ్డున ఉన్న ఇథాకా అనే చిన్న ఊళ్లో జరిగింది. సరస్సు అందంగా ఉందని మాత్రమే అక్కడికి వెళ్లలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో అప్పటికే పక్షుల మీద ఏడాది పొడవునా పనిచేసే ప్రయోగశాల ఉంది. ఈరోజు మనం ఫోన్లో పక్షుల జాబితాలు ఎక్కించే ఈబర్డ్ కూడా 2002లో అక్కడి నుంచే వచ్చింది. ఇక్కడి నేలపట్టు పక్షుల అభయారణ్యం గట్టు మీద నిలబడి నేను నొక్కే ప్రతి అంకె ఆ ఊరికే చేరుతోంది. మనకూ అలాంటి చోటు ఒకటి కావాలి. సదస్సు దానికి మొదటి మెట్టు కావాలి.

సదస్సు ఒక్కటే పక్షిని కాపాడలేదని మన దేశంలోనే నిదర్శనం ఉంది. 1983లో భరత్‌పూర్‌లో అంతర్జాతీయ కొంగజాతి నిపుణుల సదస్సు జరిగింది. ప్రపంచంలో సారస్, సైబీరియా కొంగల మీద పనిచేసే పెద్దలు అక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. సైబీరియా కొంగలు ఏటా చలికాలంలో భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కు నీళ్లలోకే వచ్చేవి. 2002 తర్వాత అక్కడ వాటిని ఎవరూ చూడలేదు. దారి పొడవునా వేట, ఎండిపోయిన మడుగులు వాటిని మింగేశాయి. సదస్సు జరిపినవాళ్లది తప్పు అనను. ఒక్క ఊళ్లో జరిగిన మాటలు దారిలో ఉన్న దేశాలన్నిటా పనిగా మారితే తప్ప ఫలితం ఉండదని చెప్పడానికే ఈ ప్రస్తావన. మన పక్షులు వాడేది మధ్య ఆసియా వలస మార్గం. అందులో 30 దేశాలున్నాయి. సదస్సు విషయం కూడా అదే కావాలి: ఈ మార్గంలోని నీటిపక్షులు, వాటికి పులికాట్ లాంటి తీరపు సరస్సుల అవసరం. అన్ని పక్షుల గురించీ అన్నీ మాట్లాడదామంటే పులికాట్‌కు ఏమీ మిగలదు. రెండొందల మంది, మహా అయితే మూడొందల మంది చాలు. కజకిస్తాన్ నుంచి, మంగోలియా నుంచి పక్షుల కాళ్లకు రింగులు వేసేవాళ్లు తప్పకుండా రావాలి.

ఇక తేదీ. అన్నిటికంటే ఎక్కువ నేను బతిమాలేది దీని గురించే.

మన దగ్గర కార్యక్రమాల తేదీలు మంత్రుల వీలు, సంక్రాంతి సెలవులు, బడ్జెట్ విడుదల చూసి ఖాయమవుతాయి. పులికాట్ క్యాలెండర్ వేరు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సరస్సును నింపుతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు చూశాం కదా, కాళంగి పొంగి ఊరే నీళ్లలో చిక్కుకుంది. అలాంటి ఏడాది జనవరిలో సరస్సు నిండుకుండలా ఉంటుంది. చూడటానికి ఎంతో అందం. రాజహంసలకు మాత్రం అది పనికిరాదు. వాటికి కావలసింది నీరు తగ్గుతూ బురద పైకి తేలే సమయం.

శ్రీహరికోట రోడ్డు మీద ఆగి, గుంపు గట్టుకు దగ్గరగా ఉన్న రోజు ఒకదాన్నే పట్టుకుని పది నిమిషాలు చూడండి. మెడను కాళ్ల దాకా వంచి, ముక్కును తలకిందులు చేసి నీళ్లలో పెడుతుంది. పై దవడ కిందికి, కింది దవడ పైకి వస్తుంది. ఉన్నచోటే కాళ్లతో బురదను తొక్కుతూ చిన్నగా చుట్టూ తిరుగుతుంది. తొక్కినప్పుడు పైకి లేచే పురుగులు, చిన్న రొయ్యలు, గుల్లలు ముక్కులోని జల్లెడలో చిక్కుతాయి. నాలుక లోపలికి బయటికి ఆడుతూ నీటిని తోడిపోస్తుంది. ఆ తిరిగినచోట బురదలో గుండ్రటి గుంట పడుతుంది. నీళ్లు దిగిపోయిన రోజున ఆ గుంటలు వరసగా కనబడతాయి. ఇదంతా జరగడానికి నీరు దాని మోకాళ్ల దాకానో కొంచెం పైనో ఉండాలి. కారు తలుపు గట్టిగా వేస్తే చాలు, గుంపంతా తలలెత్తి నడక మొదలుపెడుతుంది. ఇంకొంచెం ముందుకెళితే పరుగెత్తి లేస్తాయి. మనకు ఫొటో వస్తుంది, వాటికి మేత పోతుంది.

విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఏడాది ముందే టికెట్లు కొనుక్కుంటారు. వాన చూసి తేదీ మారుస్తామంటే కుదరదు, నిజమే. కాని మన అటవీ శాఖ దగ్గర, గణన చేసిన వాలంటీర్ల దగ్గర ఎన్నో ఏళ్ల లెక్కలున్నాయి. అవన్నీ ఒకచోట పోసి, ఏ వారాల్లో రాజహంసలు, గూడబాతులు, చిన్న ఉల్లంకులు మూడూ బాగా ఉన్నాయో చూడండి. నా అనుభవంలో ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మొదటి వారం దాకా మంచి కాలం. నా మాట మీద కాదు, లెక్క మీద నిర్ణయించండి. దాంతోపాటు రెండు రకాల ప్రయాణాలు సిద్ధం చేసుకోవాలి. నీళ్లు ఎక్కువుంటే నేలపట్టు, తడ చుట్టుపక్కల చెరువులు చూపించవచ్చు. ముందే ఎండిపోతే దక్షిణాన భీములవారిపాళెం వైపు, తమిళనాడు అధికారులతో మాట్లాడి పళవేర్కాడు (పులికాట్ ఊరు) వైపు తీసుకెళ్లవచ్చు. పక్షులకు రాష్ట్ర సరిహద్దు లేదు కాబట్టి తమిళనాడు అటవీ శాఖను అతిథిగా కాక, మొదటి రోజు నుంచీ భాగస్వామిగా పిలవండి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ రోడ్డు మీద జనం, పోలీసు ఆంక్షలు రెండూ ఉంటాయి. కాబట్టి షార్ వాళ్లతోనూ ముందుగానే మాట్లాడుకోవాలి.

నేలపట్టు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన 458 హెక్టార్ల చిన్న చోటు అది. చెరువు నీళ్లలో నిలబడ్డ 'కడప' అనే జాతి చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గూళ్లు పెట్టే చెట్ల మీద అంగుళం ఖాళీ ఉండదు. పిల్ల తల్లి సంచిలోకి తలా మెడా దూర్చేసి, రెక్కలు కొట్టుకుంటూ లోపలున్న చేపను లాక్కుంటుంది. దూరం నుంచి చూస్తే పెద్ద పక్షి చిన్నదాన్ని మింగేస్తోందా అనిపిస్తుంది. కింద చెరువు నీళ్లు రెట్టలతో పచ్చబడి ఉంటాయి. ఆ నీళ్లు పారిన పొలంలో ఎరువు ఖర్చు తగ్గుతుందని ఊరి రైతులు నమ్ముతారు, అందుకే తరతరాలుగా వాటి జోలికి పోలేదు. గూళ్లున్న చెట్ల కింద ఒక్కసారి అలజడి రేగితే తల్లులు లేచిపోతాయి, గుడ్లకూ చిన్న పిల్లలకూ ఎండ తగులుతుంది, కాకులు దిగుతాయి. అందుకని మూడొందల మందిని ఒకేరోజు అక్కడికి తీసుకెళ్లకండి. ఇరవై మంది చొప్పున, తెల్లవారగానే, అటవీ శాఖ కాపలాదారు (వాచర్) చెప్పిన దారిలోనే. డ్రోన్ ఎగరకూడదు, మైకు ఉండకూడదు. బర్డ్ ఫ్లూ వచ్చిన దేశాల నుంచీ, మన జిల్లాల నుంచీ వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి బూట్లు కడిగించే ఏర్పాటు గేటు దగ్గరే పెట్టండి. శాస్త్రవేత్తలు ఈ నియమాలకు నొచ్చుకోరు, మెచ్చుకుంటారు.

మూడో మాట మన మనుషుల గురించి. మన గడ్డ మీద పక్షి శాస్త్రం వాళ్లతోనే మొదలైంది.

19వ శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ భారతదేశపు పక్షుల గురించి రాసిన తొలి పెద్దల్లో ఒకరు. పక్షుల అలవాట్లు, స్థానిక పేర్లు ఆయన తెలుసుకున్నది ఇక్కడి యానాదుల దగ్గర. ఆయన పేరుతో ప్రపంచానికి తెలిసిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఊరూరా బొమ్మలు పట్టుకుని తిరిగి అడిగితే, చివరికి స్థానిక వేటగాడు ఒకరు ప్రాణంతో పట్టి తెచ్చారు. శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పక్షి రాత్రిపూట కలివి పొదల్లో తిరుగుతోందని అక్కడివాళ్లకు తెలుసు. ఎవరూ వాళ్లని అడగలేదు, అంతే.

పులికాట్‌లోనూ అలా అడగవలసినవాళ్లు చాలామంది ఉన్నారు. పట్టపు జాలర్లలో 'పాడు' అనే పద్ధతి ఉంది. వల వేసే చోట్లు ఎవరికి ఏ రోజు రావాలో చీట్లు వేసి వంతులుగా పంచుకుంటారు. ఒకే చోట అందరూ పడి దోచుకోకుండా నడిచే కట్టుబాటు ఇది. దీని మీద విదేశాల్లో పరిశోధనా పత్రాలు వచ్చాయి. మన జిల్లా స్కూల్లో పిల్లలకు మాత్రం దీని పేరు తెలియదు. నీరు ఏ వారం ఎంత ఉప్పగా మారుతుందో, ఏ చేప తగ్గితే ఏ పక్షి ఇంకోవైపు పోతుందో జాలర్లకు తెలుసు. శ్రీహరికోట దీవిలో అంతరిక్ష కేంద్రం రాకముందు ఉండిన యానాది కుటుంబాల పెద్దల దగ్గర ఇంకా పాత జ్ఞాపకాలున్నాయి. వీళ్లని ముగింపు రోజు శాలువా కప్పడానికి పిలవడం కాదు నేను అడిగేది. సదస్సులో ఒక పూర్తి పూట తెలుగులో జరగాలి. జాలర్లు, వాచర్లు, నేలపట్టు రైతులు వేదిక మీద మాట్లాడాలి. శాస్త్రవేత్తలు కింద కూర్చుని అనువాదం వినాలి, ప్రశ్నలు అడగాలి. వాళ్లకు ఆ రోజు కూలీ నష్టం కట్టివ్వాలి కూడా, ఎందుకంటే వలకు వెళ్లని రోజు ఆ ఇంట్లో డబ్బు రాదు.

వసతుల గురించి పెద్దగా చెప్పను, ఆ పని మీకు బాగా తెలుసు. సూళ్లూరుపేటలో అంతమందికి సరిపడే హాలు లేదని కొత్తది కట్టకండి, సరస్సు గట్టున టెంట్లు వేయకండి. శ్రీసిటీలో విద్యా సంస్థల హాళ్లున్నాయి. ఏర్పేడులో సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ తిరుపతి ఉంది, అక్కడ పక్షుల మీద పరిశోధన చేసే బృందం ఉంది, విద్యార్థుల సాయం దొరుకుతుంది. చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లు నడుస్తాయి. ప్రతినిధుల్లో చాలామంది కార్ల వరస కంటే దాన్నే ఇష్టపడతారు. సదస్సు వీసాలకు విదేశాంగ శాఖ అనుమతి కావాలి, అక్కడే ఆలస్యమవుతుంది, ఆ ఫైలు మొట్టమొదట కదిలించండి. ఫీజు విషయంలో ఒక్క మాట. మన విద్యార్థులకు, మధ్య ఆసియా నుంచి వచ్చే యువ పరిశోధకులకు ఫీజు ఉండకూడదు. రిషివ్యాలీ నుంచి కొల్లేరు దాకా సొంత ఖర్చుతో పక్షులు లెక్కపెట్టే పిల్లలున్నారు. వాళ్లు డబ్బు లేక బయట నిలబడితే అది మన సదస్సే కాదు.

ఇప్పుడు మొదట చెప్పిన అసలు విషయానికి వస్తాను: సదస్సు తర్వాత మిగలవలసింది ఏమిటి?

పులికాట్ జబ్బు అందరికీ తెలుసు. రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి. సముద్రపు నీరు వచ్చి పోకపోతే ఉప్పు లెక్క తప్పుతుంది, రొయ్య, చేప పిల్లలు లోపలికి రావు, జాలరికీ గూడబాతుకీ ఒకేసారి కడుపు మాడుతుంది. సరస్సు మధ్యగా వేసిన రోడ్డు కట్ట వల్ల రెండువైపులా నీరు ఒకేలా కదలడం లేదు. పూడిక తీయాలనే మాట ఎన్నాళ్లుగానో వింటున్నాం. ఎక్కడ, ఎంత లోతుగా, ఏ నెలలో తీయాలి? తీసిన ఇసుక ఎక్కడ పోయాలి? నీరు ఒక్కసారిగా లోతైతే రాజహంసలు మేసే బురద మేటలు ఏమవుతాయి? ఈ ప్రశ్నలకు జాలరి, ఇంజనీరు, పక్షి శాస్త్రవేత్త కలిసి కూర్చుంటేనే జవాబు దొరుకుతుంది.

చిలికా వాళ్లు ఈ దారిలో మనకంటే ముందు నడిచారు. ఆ సరస్సు ప్రమాదంలో ఉందని 1993లో, చిత్తడి నేలల రక్షణ కోసం దేశాలు చేసుకున్న రామ్‌సార్ ఒప్పందం కింద ప్రత్యేక జాబితాలో చేర్చారు. అధ్యయనాలు చేసి, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచారు. నీటిలో ఉప్పు కుదుటపడి చేపలు పెరిగాయి. 2002లో ప్రమాద జాబితా నుంచి బయటపడటమే కాదు, అదే ఏడాది రామ్‌సార్ సంరక్షణ అవార్డు కూడా అందుకుంది. ఆ పని చేసిన చిలికా అభివృద్ధి సంస్థ వాళ్లని పిలిచి, ఒక రోజంతా ఈ ఒక్క విషయానికే కేటాయించండి. వాళ్లకు కుదిరినవీ కుదరనివీ రెండూ అడుగుదాం. మన కొల్లేరుకు 2002లోనే రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, పులికాట్‌కు లేదు. దానికి కావలసిన పక్షుల లెక్కలు, నీటి లెక్కలు ఈ సదస్సు సందర్భంగా ఒక కట్టగా తయారుకావాలి.

ఇంకొకటి, ఏడాది పొడవునా పనిచేసే చిన్న కేంద్రం. గొప్ప భవనం అక్కర్లేదు. పక్షుల కాళ్లకు రింగులు వేసే శిక్షణ ఉన్న ఇద్దరు, ఒక పడవ, ఉప్పు శాతం కొలిచే పరికరాలు, స్థానిక యువకులకు నెల జీతం. నీటిపక్షుల గణన జనవరిలో ఒకసారి జరుగుతుంది. మిగతా పదకొండు నెలలు పులికాట్‌లో ఏం జరిగిందో రాసిపెట్టేవాళ్లు లేరు. రాసిపెట్టకపోతే ఏమవుతుందో గోదావరి జిల్లాల్లో చూశాం. 1940ల్లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద కాలనీని చూసి వివరంగా రాశారు. కొన్ని దశాబ్దాలకే అది ఖాళీ అయిపోయింది. ఆయన రాసింది ఉండబట్టి అక్కడ అవి ఉండేవని తెలిసింది. ఎప్పుడు, ఎందుకు తగ్గుతూ వచ్చాయో ఏడాదికేడాది రాసినవాళ్లు లేకపోవడం వల్ల, పోయాక కారణాలు వెతుక్కోవలసి వచ్చింది. ఈరోజు కొల్లేరు ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటున్న గూడబాతులను చూసినప్పుడల్లా నాకు ఆరేడు గుర్తొస్తుంది. నేలపట్టుకు ఆ గతి పట్టకూడదు.

కాబట్టి మీరు ముందు చేయవలసిందిగా నేను కోరేది ఒక్కటే. సదస్సు కమిటీ మొదటి సమావేశం అమరావతిలో కాకుండా నేలపట్టులో పెట్టండి. తమిళనాడు అటవీ శాఖ నుంచి ఒకరు, ఐసర్ నుంచి ఒకరు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి ఒకరు, భీములవారిపాళెం జాలర్ల నుంచి ఇద్దరు, నేలపట్టు వాచర్లు, ఇరిగేషన్ ఇంజనీరు, ఇంతమంది ఉంటే చాలు. అటవీ శాఖ తన దగ్గరున్న గణన రికార్డులు అందరి ముందు పెట్టాలి. గణనలో పాల్గొన్న మేమంతా మా దగ్గరున్న నోట్‌బుక్కులు, జాబితాలు తెచ్చి మీ చేతికి ఇస్తాం, కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా చేస్తాం. వచ్చే వానాకాలం మొదలయ్యేలోగా ఆ సమావేశం జరిగితే తర్వాతి ఏడాది ఫిబ్రవరికి సదస్సు జరపడానికి సమయం సరిపోతుంది. ఎప్పుడు రావాలో చెప్పండి.

ఇట్లు,
పులికాట్ తీరపు పక్షి ప్రేమికుడు
సూళ్లూరుపేట